కొడవలి గాయము – కొడవలి కణము

హుస్నాబాదు పరిసర గ్రామములలో వరికోతలకు ఇప్పుడు యంత్రములు వచ్చినవి. అయినను గట్ల మీది గడ్డి కోయుటకు, యంత్రము తిరుగని మడి మూలలు కోయుటకు కొడవలి పట్టక తప్పదు. కొడవలి పట్టిన చేతికి ఎప్పుడో ఒకప్పుడు గాటు పడకయు తప్పదు. ఒకే మడిలో, ఒకే దినమున ముగ్గురి వ్రేళ్లు తెగినవని ఊహింపవచ్చును. ముగ్గురును గడ్డిచేమంతి ఆకు నలిపి, రసము పిండి, గుడ్డపేలిక చుట్టుకొనిరి. (మట్టి అంటిన గాయమునకు ఆకు పసరు ధనుర్వాతపు టీకా చేయు పని చేయజాలదు, అది వేరు విషయము.) ఒకని గాయము పది దినములలో మానినది. రెండవవానిది చీము పట్టి నెల దాటినను మానలేదు. మూడవవానిది త్వరగానే మూసికొన్నది గాని, మానిన చోట మచ్చ ఉబ్బి, నాటికి నాడు పెరిగి, అసలు గాటు కంటె పెద్దదై కూర్చున్నది. ఎందుకిట్లని అడిగినచో ఊరిలో దొరకు సమాధానము ఒక్కటే: "వాని నెత్తురు అసొంటిది."

ఈ మాటను మూఢనమ్మకమని కొట్టివేయుట సులభము. కాని పాఠశాలలో దొరకు సమాధానము దీనికంటె ఎంత మెరుగైనదో పరిశీలింపవలసి యున్నది. పదవ తరగతి జీవశాస్త్రమున గాయము 'ప్రసరణ' పాఠములో వచ్చును. రక్తము 3 నుండి 6 నిమిషములలో గడ్డకట్టునని, ప్లేట్‌లెట్లు, థ్రాంబిన్, ఫైబ్రిన్ అను వాని వలన ఈ పని జరుగునని విద్యార్థి నేర్చుకొనును. జన్యువు 'అనువంశికత' పాఠములో వచ్చును. అచ్చట బఠానీ గింజలు గుండ్రనివి, ముడతలు పడినవి. మొక్కలు పొడవువి, పొట్టివి. ఈ రెండు పాఠముల నడుమ విసర్జన మొదలు ప్రత్యుత్పత్తి వరకు పెక్కు పాఠములు గలవు. వంతెన యని చెప్పదగినది హీమోఫీలియా యొక్కటే. అదియు రెండు మూడు వాక్యములతో సరి. తరగతిలో దానికి తోడుగా విక్టోరియా రాణి వంశవృక్షము చెప్పుట ఆనవాయితీ. ఫలితమేమనగా, గాయము అందరికి ఒకే తీరున మానునని, అట్లు మానకపోవుట ఎక్కడో రాజవంశములకు పట్టిన పీడ యని విద్యార్థి మనసున స్థిరపడును. ఊరివాడు కనీసము మనిషికి మనిషికి భేదమున్నదని గుర్తించినాడు. పాఠము ఆ మాత్రమును గుర్తింపలేదు.

గాయము మానుట యనునది రక్తము గడ్డకట్టుటతో ముగియునది కాదు. అది ఆరంభము మాత్రమే. గడ్డకట్టిన కొద్ది గంటలలో తెల్ల రక్తకణములు గాయములోనికి చేరి, సూక్ష్మజీవులను, చచ్చిన కణజాలమును తొలగించును. రెండు మూడు దినములకు పెద్ద భక్షక కణములు వచ్చి ఆ పనిని కొనసాగించుటే కాక, ఇతర కణములను పిలుచు రసాయన సంకేతములను వెలువరించును. పిదప చుట్టునున్న చర్మకణములు ప్రాకివచ్చి పైపొరను కప్పును. క్రింద సన్నని రక్తనాళములు మొలచును. తంతుకణములు కొల్లాజెన్ అను మాంసకృత్తును అల్లును. మొదట అల్లునది తాత్కాలికపు అల్లిక. దానిని కొంచెము కొంచెముగా విప్పి, గట్టి కొల్లాజెన్‌తో మరల అల్లుట నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటియు సాగును. ఇంత చేసినను మానిన చర్మము మునుపటి బలములో నూటికి 80 పాళ్లకు మించి పొందలేదు. ఈ పనులన్నిటిని చేయునవి, చేయించునవి మాంసకృత్తులు. ప్రతి మాంసకృత్తునకు మూలముగా ఒక జన్యువు గలదు. జన్యువులో భేదమున్నచో ఈ పనివారిలో ఎవరో ఒకరు తక్కువగా వచ్చుటయో, ఆలస్యముగా వచ్చుటయో, వచ్చి పోకుండుటయో జరుగవచ్చును. కావున గాయము మానుట కూడ బఠానీ గింజవలె అనువంశికతకు లోబడినదే. అయితే గింజ యంత సూటిగా లోబడదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

3 నుండి 6 నిమిషముల లెక్క ఎంత పైపైదో చూపుటకు ఒక్క ఉదాహరణము చాలును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కారకములలో 13వది యొకటి గలదు. లాకి, లోరాండ్ అను హంగరీ శాస్త్రజ్ఞులు 1948లో దీని జాడ తెలిసికొనిరి. ఫైబ్రిన్ పోగులు ఏర్పడిన తరువాత వానిని ఒకదానితో నొకటి కుట్టి బిగించుట దీని పని. ఇది లేనివాని రక్తము కూడ 3 నుండి 6 నిమిషములలో చక్కగా గడ్డకట్టును! పాఠశాల ప్రయోగశాలలో గాజుపలక మీద పరీక్షించినచో లోపమేమియు కనబడదు. కాని ఆ గడ్డ కుట్టు వేయని బట్టవంటిది. ఒకటి రెండు దినములలో విడిపోవును; ఆగిన రక్తము మరల కారును. మానుచున్న గాయమునకు అల్లిక నిలువదు గనుక అది ఆలస్యముగా మానును, మచ్చ వికృతముగా నేర్పడును. 1960లో స్విట్జర్లాండు వైద్యులు డకెర్ట్, యుంగ్, ష్మెర్లింగ్ ఒక బాలునియందు ఈ లోపమును మొదటిసారి వర్ణించిరి. అతని గాయములు సరిగా మానకుండుటయు వారు గమనించిన లక్షణములలో నొకటి. ఈ లోపముతో పుట్టిన శిశువులలో నూటికి సుమారు 80 మందికి బొడ్డు ఊడిన చోట రక్తము కారును. దీనిని పట్టుటకు పాతకాలపు పరీక్ష యొకటి గలదు. రక్తపు గడ్డను గాఢమైన యూరియా ద్రావణములో వేయుదురు. కుట్టు పడిన గడ్డ మరునాటికిని నిలిచియుండును, పడనిది కరగిపోవును. గడియారము పట్టని దోషమును యూరియా పట్టినది.

ఈ వ్యాధి 20 లక్షల మందిలో ఒకరికి మాత్రమే వచ్చునని సాధారణముగా చెప్పుదురు. అంత అరుదైన దానిని తెలుగు విద్యార్థి కెందుకు చెప్పవలెనని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానము అతని ఇంటిలోనే గలదు. ఇది అంతర్గత లక్షణము. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు ప్రతులు కలిసిననే బయటపడును. 20 లక్షలకు వర్గమూలము సుమారు 1,414. అనగా ఆ జన్యువు యొక్క ప్రతి 1,414 ప్రతులలో ఒకటి లోపము గలదన్నమాట. మనుష్యునికి రెండు ప్రతులుండును గనుక దాదాపు 700 మందిలో ఒకరు వాహకులు. సంబంధము లేని ఇద్దరు పెండ్లాడినప్పుడు లెక్క 20 లక్షలకు ఒకటిగనే యుండును. మేనమామ బిడ్డను గాని మేనత్త బిడ్డను గాని చేసికొన్నచో పుట్టు సంతానమునందు, ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికుని నుండి దిగివచ్చు అవకాశము పదునారింట ఒకటి. 1,414ను 16తో గుణించినచో సుమారు 22 వేలు. అంటే 20 లక్షలలో ఒకటి కాస్తా 22 వేలలో ఒకటి యైనది. దాదాపు 90 రెట్లు పెరిగినది. అక్క కూతురిని చేసికొన్నచో ఆ అవకాశము ఎనిమిదింట ఒకటి. లెక్క 11 వేలకు దిగును. ఈ గుణకారము చేయుటకు పదవ తరగతి గణితము చాలును. మేనరికము తెలుగునాట ఇంకను వాడుకలో నున్న ఆచారము. హీమోఫీలియాకు విక్టోరియా రాణిని పిలుచు ఉపాధ్యాయుడు ఈ లెక్కను నల్లబల్ల మీద వేసినచో, తరగతిలో సగము మంది తమ ఇంటిని గూర్చి ఆలోచింతురు.

అయినను ఈ లెక్కను పెడగా చదువరాదు. 22 వేలలో ఒకటి యనగా 21,999 మందికి ఏ లోపమును లేదని అర్థము. మేనరికపు బిడ్డకు మోకాలి పుండు మానకపోయినచో, దానిని తల్లిదండ్రుల పెండ్లి మీద మోపుట శాస్త్రము కాదు. ఇక్కడ రెండవ పొరపాటు ఆరంభమగుచున్నది. మొదటిది జన్యువును మరచుట. రెండవది సర్వమును జన్యువునకే అంటగట్టుట. మొదటిది పాఠ్యపుస్తకపు దోషమైనచో రెండవది వార్తాపత్రికల దోషము. "గాయము మాన్పు జన్యువు దొరికినది" అను శీర్షిక కొన్ని ఏండ్లకొకమారు కనిపించుచునే యుండును.

అట్టి శీర్షికలకు మిక్కిలిగా పనికివచ్చినది ఒక ఎలుక. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమునందలి విస్టార్ సంస్థలో ఎలెన్ హెబర్-కాట్జ్ బృందము ఎం.ఆర్.ఎల్. అను జాతి చిట్టెలుకలను పెంచుచుండెను. ఏ ఎలుక ఏదో గుర్తించుటకు చెవులకు 2 మిల్లీమీటర్ల రంధ్రములు పొడుచుట ప్రయోగశాలల వాడుక. కొన్ని వారములకు చూడగా రంధ్రములు లేవు! పొడుచుట మరచిరేమో యని మరల పొడిచిరి. అవియు నెల దినములలో పూడినవి. మచ్చ లేదు, మృదులాస్థితో సహా చెవి క్రొత్తగా ఏర్పడినది. ఇతర జాతి ఎలుకల చెవిరంధ్రములు జీవితాంతము అట్లే యుండును. 1998లో ఈ విషయము ప్రకటితమైనది. ఆ ఎలుకలను మామూలు జాతితో సంకరపరచి చూడగా, ఈ గుణము ఒక్క జన్యువు వలన కాదనియు, వేర్వేరు క్రోమోసోముల మీది పెక్కు స్థానముల కలయిక వలన ననియు తేలినది. మెండెల్ బఠానీలకు దొరికిన మూడుకు ఒకటి నిష్పత్తి ఇక్కడ దొరకలేదు. అంతేకాదు, 2006లో వెలువడిన పరిశోధనలలో అదే ఎలుక వీపు చర్మమునకు గాయము చేయగా, అది తక్కిన ఎలుకలకు వలెనే మచ్చతో మానినది. అదే ఎలుక, అవే జన్యువులు. చెవి ఒక తీరు, వీపు ఒక తీరు. వార్తలలో చెవి కథ వచ్చినంతగా వీపు కథ రాలేదు.

మనుష్యులలో మొదట చెప్పిన మూడవవాని ఉబ్బు మచ్చ ఇట్టిదే. దీనిని కెలాయిడ్ అందురు. కొల్లాజెన్ అల్లుట ఎప్పుడు ఆపవలెనో తెలియక అల్లుచు పోవుట దీని స్వభావము. ఇది కుటుంబములలో వచ్చును; నల్లని చర్మము గలవారిలో హెచ్చు. ఆడపిల్లలకు చెవులు కుట్టించిన చోట ఇది కనిపించుట తెలుగు ఇండ్లలో వింత కాదు. 2010లో జపాను శాస్త్రజ్ఞులు జన్యుపదార్థము నంతటిని గాలించి, దీనికి సంబంధించిన నాలుగు స్థానములను గుర్తించిరి. కాని ఆ భేదములున్న వారందరికి కెలాయిడ్ రాదు. అదే మనిషికి చెవితమ్మె మీద వచ్చినది అరచేతిలో రాదు. ఇక రెండవవాని చీము గాయమునకు జన్యువుల కంటె ముందు వెదకవలసినది మధుమేహము. మూత్రములోనో రక్తములోనో చక్కెరను పరీక్షింపక నెత్తురును నిందించుట వలన వ్రేలు పోవును, ఒక్కొక్కప్పుడు కాలే పోవును.

ఇంతవరకు చెప్పినవి ఎక్కడివో ఉదాహరణములు. గాయమునకును జన్యువునకును గల సంబంధము కండ్లకు కట్టినట్లు కనబడు తావు ఉత్తర తెలంగాణమునందే యున్నది. హుస్నాబాదు నుండి కరీంనగరు మీదుగా గోదావరి దాటి పాత ఆదిలాబాదు జిల్లా అడవులలోనికి పోయినచో, గోండులు, కోలాములు, ప్రధానులు మొదలగువారి గూడెములలో కొడవలి కణ రక్తహీనత గలదు. కొడవలి గాయము పైనుండి వచ్చునది. ఇది లోపలి కొడవలి. గుండ్రముగా నుండవలసిన ఎర్ర రక్తకణము, ప్రాణవాయువు తగ్గినప్పుడు వంగి కొడవలి ఆకారము దాల్చును. దీనికి మూలము 11వ క్రోమోసోము మీది ఒక్క అక్షరపు మార్పు. హీమోగ్లోబిన్ యొక్క బీటా గొలుసులో 6వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలైన్ వచ్చును. ఈ హీమోగ్లోబిన్ వేరైనదని లైనస్ పౌలింగ్ బృందము 1949లో చూపినది; ఆ ఒక్క మార్పును వెర్నన్ ఇన్‌గ్రామ్ 1957 నాటికి నిరూపించినాడు. మన దేశమున దీనిని 1952లో నీలగిరి కొండవాసులలో లేమన్, కట్‌బుష్ అనువారు గుర్తించిరి.

ఈ వ్యాధిని పాఠములలో రక్తహీనతగా, నొప్పుల వ్యాధిగా చెప్పుదురే గాని గాయపు వ్యాధిగా చెప్పరు. చరిత్ర వేరుగా నున్నది. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ప్రకటించిన మొట్టమొదటి రోగి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అను దంతవైద్య విద్యార్థి. వెస్టిండీస్ నందలి గ్రెనడా దీవివాడు. అతని కాళ్ల మీద పుండ్లు పడి మానిన మచ్చలను హెరిక్ శ్రద్ధతో వ్రాసికొన్నాడు. అనగా ఈ వ్యాధి శాస్త్రగ్రంథములలోనికి ప్రవేశించినప్పుడే మానని గాయమును వెంటబెట్టుకొని వచ్చినది. పుండు సాధారణముగా చీలమండ దగ్గర పడును. పది సంవత్సరముల లోపు పిల్లలలో అరుదు. దోమకాటో, చెప్పు ఒరపిడియో, ముల్లు గీతయో చాలును. ఇతరులకు వారములో మానునది వీరికి నెలలు, సంవత్సరములు మానదు, మానినను మరల పడును. కారణములు పెక్కు. వంగిన కణములు సన్నని నాళములలో ఇరుకుకొని రక్తపు రాకను అడ్డగించును. పగిలిన కణముల నుండి వెలువడిన హీమోగ్లోబిన్, నాళములను వ్యాకోచింపజేయు నైట్రిక్ ఆక్సైడును హరించును. చీలమండ గుండెకు దూరము. నిలబడినప్పుడు సిరలలో రక్తము నిలుచు తావు. మానుటకు కావలసిన ప్రాణవాయువు, తెల్లకణములు, పోషకములు అక్కడికి చేరవు.

ఇంతవరకు "ఒక జన్యువు, ఒక పుండు" అను సూత్రము సరిపోవునట్లే తోచును. దానిని చెదరగొట్టినది ఒరిస్సా. పశ్చిమ ఒరిస్సాలోని బుర్లా వైద్యకళాశాల వైద్యులును, జమైకాలో ఈ వ్యాధికై జీవితము వెచ్చించిన గ్రాహం సార్జెంట్ బృందమును కలిసి, రెండు దేశముల రోగులను సరిపోల్చి 1986లో ఫలితములు ప్రకటించిరి. రోగు లందరికి అదే 6వ స్థానము, అదే వాలైన్. ఎముకల నొప్పులు ఇద్దరిలోను గలవు. కాని కాలి పుండ్లు జమైకాలో సామాన్యము, ఒరిస్సాలో అరుదు. జమైకా పెద్దలలో ఒకప్పుడు సగమునకు మించి రోగులు ఏదో ఒక వయసున కాలి పుండు అనుభవించినవారే. ఒకే లోపము ఒకచోట పుండై, మరొకచోట పుండు కాకపోవుటకు కారణమేమి?

సమాధానము ఇతర జన్యువులలో దొరికినది. గర్భస్థ శిశువునకు ప్రత్యేకమైన హీమోగ్లోబిన్ ఒకటి గలదు. పుట్టిన కొన్ని నెలలలో అది దాదాపు మాయమగును. కొందరిలో మాయము కాదు. శిశు హీమోగ్లోబిన్ కలిసియున్న కణము సులభముగా వంగదు. భారతీయ రోగులలో ఇది నూటికి 15, 20 పాళ్లు ఉండుట అరుదు కాదు. జమైకా రోగులలో సగటు దీనికంటె బాగుగా తక్కువ. దీనిని నిలుపు జన్యుభేదములు 11వ క్రోమోసోము మీదనే కాక 2వ, 6వ క్రోమోసోముల మీదను గలవు. మరొకటి, 16వ క్రోమోసోము మీది ఆల్ఫా గొలుసు జన్యువులలో ఒకటి రెండు లోపించుట ఒరిస్సా రోగులలో హెచ్చుగా కనబడినది. విడిగా చూచిన అది కూడ లోపమే. కాని కొడవలి కణముతో కలిసినప్పుడు కణములు పగులుటను తగ్గించి మేలు చేయును. అమెరికాలో 1989లో వెలువడిన పెద్ద పరిశీలన కూడ దీనినే బలపరచినది: శిశు హీమోగ్లోబిన్ హెచ్చుగా నున్నవారికి, ఆల్ఫా జన్యువు లోపించినవారికి కాలి పుండ్లు తక్కువ. చీలమండ మీది ఒక్క పుండు వెనుక నాలుగు క్రోమోసోములు! జన్యువులు ఒక దానికొకటి సాక్ష్యము చెప్పుకొనును, ఒక దానినొకటి త్రోసిపుచ్చును. పత్రికల శీర్షికలో ఇది ఇమడదు.

అయితే ఈ పోలికను కూడ విమర్శింపకుండ స్వీకరింపరాదు. ఆసుపత్రికి వచ్చిన వారినే లెక్కించినప్పుడు, రానివారి పుండ్లు లెక్కలోనికి రావు. పదిహేను క్రోసులు నడిచి ఆసుపత్రికి చేరువాడు నొప్పి భరింపలేక వచ్చును గాని కాలి పుండునకై రాడు. ఒరిస్సా, జమైకా అని రెండు పేర్లు పెట్టినంత మాత్రమున భేదమంతయు జన్యువులదే కాజాలదు. 2008లో జమైకాలోనే జరిగిన పరిశోధన దీనిని తేటపరచినది. ఒకే దేశపు, ఒకే వ్యాధి గల రోగులలో ఎవరికి పుండు పడునని వెదకగా మూడు ముఖ్యములని తేలినవి: రక్తకణములు పగులు వేగము, సిరలలో కవాటముల బలహీనత, పేదరికము. మూడవదానికి క్రోమోసోము లేదు. చెప్పు లేని కాలికి, దోమతెర లేని నిద్రకు, కడుగుటకు శుభ్రమైన నీరు లేని పుండునకు ఏ జన్యువును జవాబుదారి కాదు. ఒరిస్సా ఫలితములను పట్టుకొని "భారతదేశపు కొడవలి కణ వ్యాధి తేలికది" అని వ్రాయు వాడుక పెరిగినది. ఆదిలాబాదునకు పొరుగుననున్న నాగపూరు వైద్యులు పుట్టినప్పటి నుండి పిల్లలను పరీక్షించి, కనిపెట్టుకొని చూచిన పరిశీలన 2016లో వెలువడినది. వ్యాధి అందరిలోను తేలికగా నుండదని, నొప్పులు, తీవ్రమైన రక్తహీనత పెక్కుమంది పిల్లలను బాధించునని అందులో వారు చూపిరి. కాలి పుండ్లు తక్కువయను ఒక్క నిజమును, వ్యాధియే తక్కువదను అబద్ధముగా సాగదీయరాదు.

శిశు హీమోగ్లోబిన్‌ను పెంచు మందు హైడ్రాక్సీయూరియా. దీని వలన నొప్పులు తగ్గుట స్పష్టముగా నిరూపితమైనది. కాని ఇతర రక్తవ్యాధులకు దీనిని చాల కాలము వాడినవారిలో కొందరికి కాలి పుండ్లు పడుట కూడ వైద్యులు ఎరుగుదురు. పుండు రాకుండ కాపాడు హీమోగ్లోబిన్‌ను పెంచు మందే వేరొకచోట పుండునకు కారణమగుచున్నది. చీలమండ పుండు ఉన్న రోగికి ఈ మందు ఎట్లు వాడవలెనను నిర్ణయము వైద్యునిదే గాని, పొరుగువాని సలహాది కాదు.

ఈ చర్చ పాఠశాలకు దూరమైనది కాదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్ వద్ద కొడవలి కణ రక్తహీనత నిర్మూలనకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. 40 సంవత్సరముల లోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించుట దాని లక్ష్యము. తెలంగాణము కూడ అందులో చేరియున్నది. ఆశ్రమ పాఠశాలల పిల్లలు వ్రేలికొన నుండి ఒక చుక్క రక్తమిచ్చి, తమ స్థితి వ్రాసిన కార్డు పొందుచున్నారు. ఆ కార్డులోని అక్షరములను వారికి విడమరచి చెప్పవలసినవాడు, పెక్కుచోట్ల, వైద్యుడు కాదు, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడే. మొదట చేయునది ద్రావణీయతా పరీక్ష. కొడవలి హీమోగ్లోబిన్ ఉన్నచో ద్రావణము మసకబారి వెనుకనున్న గీతలు కనబడవు. కాని ఒక ప్రతి యున్నవానికిని, రెండు ప్రతులున్నవానికిని ద్రావణము మసకబారునే! వాహకుడెవరో, రోగి ఎవరో ఇది తేల్చజాలదు. దానికి హీమోగ్లోబిన్‌లను విడదీసి చూచు రెండవ పరీక్ష కావలెను. ఈ భేదము తెలియని ఊరిలో మొదటి పరీక్ష దినముననే ఒక పిల్లకు రోగిష్ఠి యను పేరు పడవచ్చును; పెండ్లి సంబంధములు తప్పిపోవచ్చును.

ఇద్దరు వాహకులు పెండ్లాడినచో, ప్రతి కాన్పునకు బిడ్డకు రెండు ప్రతులు వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. బఠానీ గింజల లెక్క నేరుగా వర్తించునది ఇక్కడనే గనుక, తరగతిలో ఆ నాలుగు గళ్ల పట్టికను ఈ ఉదాహరణముతోనే గీయవచ్చును. పుండు విషయములో మాత్రము పట్టిక పనిచేయదు. రెండు ప్రతులున్న పదునైదేండ్ల బాలునికి చీలమండ వద్ద గీసికొన్న చోట మూడు వారములైనను మానకున్నచో, ఆకు పసరుతోను, అంగడి లేపనముతోను కాలము గడుపక రక్తవ్యాధిని ఎరిగిన వైద్యుని వద్దకు పంపవలెను. ఒకే ప్రతి యున్న వాహకుని సంగతి వేరు. ఒక్క ప్రతి సామాన్యముగా పుండును కలిగింపదు. అతని చీలమండ పుండునకు కారణమును కార్డులో వెదకుట తప్పు. సిరల ఉబ్బు గాని, మధుమేహము గాని, స్పర్శ తెలియని కుష్ఠు మచ్చ గాని, లోన విరిగిన ముల్లు గాని యున్నదేమో చూడవలెను. కార్డు ఉన్నదని ఆ వెదకుట మానిన యెడల, "వాని నెత్తురు అసొంటిది" అను పాతమాటయే అచ్చువేసిన అట్టమీద మరల వచ్చినట్లగును.